ముందు తాడు, తర్వాత రాట

ఆరుగురి గుడారం, ఎనిమిదిమంది గుడారం అంటూ అంకె చూసి కొంటాం. దాన్ని నిలబెట్టే పూట చేతులెన్ని ఉంటాయో లెక్కేసుకోం.

నాలుగింటికి మొదలుపెట్టాను. ఐదున్నర దాటేసరికి పొద్దు గుంకింది. అప్పటికి నా చేతిలో ఒక ఇనుప గొట్టం, మా అబ్బాయి నెత్తి మీద గుడారం పైకప్పు, మా అమ్మాయి చేతిలో ఎటు తిప్పినా అర్థం కాని బొమ్మల కాగితం. మా ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. రెండు నెలల కిందట నడుముకి ఆపరేషనైంది, బరువులెత్తొద్దన్నారు డాక్టర్లు. సలహాలివ్వొద్దని మాత్రం అనలేదు.

గండికోట ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా రోడ్డు పక్కన తెలిసినవాళ్ల చీనీతోట, దాన్ని ఆనుకుని బీడు. డిసెంబరు చలి, పొద్దున్నే పెన్న లోయ, రాత్రి పిల్లలకి చుక్కలు. ఇవన్నీ ఊహించుకునే హైదరాబాదు నుంచి బయల్దేరాం. ఊహలోకి రానిది గాలి. లోయ వైపు నుంచి ఒక్క విసురు వచ్చింది. మా అబ్బాయి నెత్తి మీది పైకప్పును ఎత్తుకెళ్లి చీనీ చెట్ల మీద పరిచింది. మేకులు కొడదామా అంటే, పైకి ఎర్రమట్టిలా కనిపించే ఆ నేలలో నాలుగు వేళ్ల లోతున పరుపుబండ. గుడారంతో పాటు వచ్చిన సన్న కమ్మీ మేకులు ఒకటి తర్వాత ఒకటి జడపిన్నుల్లా వంగిపోయాయి.

ఇదంతా చూసి చూసి మా అత్తయ్య, “నీ పెండ్లి పందిరి గూడా ఇంతసేపు పట్టలేదు గదమ్మా” అంది. ఆ రాత్రి ఆవిడా పిల్లలూ తోటవాళ్ల వసారాలో, మేమిద్దరం కారులో పడుకున్నాం.

ఆన్‌లైన్లో కొన్నప్పుడు అది పదిమందికి పట్టే గుడారం అని రాశారు. ఎంతమందికి పడుతుందో చెప్పారు గానీ, ఎంతమంది పట్టుకోవాలో ఎక్కడా చెప్పలేదు.

టెంట్ హౌస్ పెద్దాయన

మన ఊళ్లలో ‘టెంట్ హౌస్’ అంటే గుడారాలమ్మే కొట్టు కాదు. శామియానాలు, కుర్చీలు, గుండిగలు, గరిటెలు అద్దెకిచ్చే చోటు. మర్నాడు ప్రొద్దుటూరులో మా పుట్టింటి వీధి చివర అలాంటి కొట్టు ముందు ఆగాను. ఎదురుగా ఒకళ్లింటి ముందు నామకరణానికి శామియానా వేస్తున్నారు. వేస్తున్నది ఒక్కరే, అరవై దాటిన మనిషి. పక్కనున్న కుర్రాడు పనిలో కంటే ఫోనులో ఎక్కువున్నాడు.

ఆయన ముందు గుడ్డని నేల మీద పరిచాడు. నాలుగు మూలల నుంచి ఎంత దూరంలో గూటాలు పడాలో అడుగులతో కొలిచాడు. ఇనుప గూటాలు సమ్మెటతో దిగ్గొట్టాడు. ప్రతి మూల నుంచి రెండేసి తాళ్లు, ఒకటి ఇటు, ఒకటి అటు, వాటికి వదులుగా కట్టాడు. అప్పుడు గానీ రాట ముట్టుకోలేదు. రాట కొస మూలనున్న కన్నంలో పెట్టి, అడుగును కాలితో తన్నిపట్టి పైకి నెట్టాడు. అది లేచి, రెండు తాళ్లు బిగిసేసరికి ఆగింది. ఎవరూ పట్టుకోలేదు.

నా కథ చెప్పాను. నవ్వలేదు.

“రాట ఎత్తినాక తాడు కట్టేది కాదు తల్లీ. తాడు కట్టినాకనే రాట ఎత్తేది. నువ్వు రాట ఎత్తి, పట్టుకునేదానికి మనిషిని ఎతుక్కున్యావు. తాడే ఆ మనిషి.”

తర్వాత ఆలోచిస్తే అందులో ఉన్నది లెక్కే. నిలువు కర్ర నిలబడాలంటే మూడు వైపుల నుంచి లాగుడు కావాలి. రెండు వైపులా తాళ్లు లాగుతాయి, మూడో వైపు గుడ్డే లాగుతుంది. మనిషి అవసరమయ్యేది ఆ మూడూ కుదరని కాసేపే. ఆ కాసేపును మేం గంటన్నర సాగదీశాం.

సంచి మీది అంకె

హైదరాబాదు వచ్చాక ఆ పదిమంది గుడారాన్ని ఇద్దరు పొడగరి అన్నదమ్ములున్న మా స్నేహితురాలింటికి ఇచ్చేశాను. వాళ్లకది చక్కగా సరిపోయింది. తప్పు గుడారంది కాదు, ఎంపికది.

మొదట ఆ అంకె సంగతి తేల్చుకోవాలి. గుడారం మీద 6 అని ఉంటే, ఆరుగురు పక్కపక్కనే, అటూ ఇటూ దొర్లకుండా, సామానంతా బయట పెట్టుకుని పడుకోగలరని. తలకి సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు లెక్కేస్తారు. మన ఇళ్లలో ఒంటి మంచం పరుపే మూడడుగులు, అంటే 90 సెంటీమీటర్లు. మనుషుల సంఖ్యకి సగం కలుపుకుని కొంటే మధ్యరాత్రి ఒకరి మోచెయ్యి ఒకరి ముఖం మీద పడదు. మేం ఐదుగురం, అందుకే ఎనిమిదిమందిది. డెకాథ్లాన్ వాళ్ల క్వెచువా గుడారాల మీద 4.1, 6.3 అని కనిపించే అంకెల్లో మొదటిది మనుషులు, రెండోది గదులు. అత్తాకోడళ్లు ఒకే గుడారంలో పడుకునే ఇళ్లలో ఈ రెండో అంకెకి విలువ ఎక్కువ.

తర్వాత ఎత్తు. మా అత్తయ్య వంగి పాక్కుంటూ లోపలికి రాలేదు, చీర మార్చుకోవాలంటే నిలబడాలి. అందుకని ఆరడుగులు దాటిన ఎత్తు మాకు తప్పనిసరి. కానీ ఎత్తు పెరిగినకొద్దీ గుడారం గాలికి తెరచాప అవుతుంది. చిన్న గుడారంలో మూలమూలకి మేకు కొట్టి పడుకుంటే నడుస్తుంది, పెద్దదానిలో ప్రతి తాడూ కట్టి తీరాలి.

గుడ్డ గురించి కొట్టువాడు తప్పకుండా చెప్పే అంకె ఒకటుంది: 2000 ఎం.ఎం., 3000 ఎం.ఎం. అంటూ. అది వానని కొలిచే లెక్క కాదు. గుడ్డ మీద నిలువు గొట్టం పెట్టి నీళ్లు పోస్తూ పోతే, ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తుకి నీరు చేరినప్పుడు కింద ఊట మొదలవుతుందో ఆ అంకె. పైకప్పుకి 2000 ఉంటే మన అవసరాలకి బాగానే సరిపోతుంది. నేలకి ఇంకా ఎక్కువ ఉండాలి, తడినేల మీద మోకాలు ఆనించినప్పుడు పడే ఒత్తిడి వానచినుకుకి లేదు కదా. శీతాకాలంలో వానేమిటి అనుకుంటారేమో. నెల్లూరు, తిరుపతి, కడప వైపు నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు మన ప్రయాణం తేదీలు చూసి రావు. అసలు అంకె కంటే ముఖ్యం కుట్లు. లోపలి వైపు కుట్టు పొడవునా సన్నటి పట్టీ అతికించి ఉందో లేదో వేలితో తడిమి చూడండి. నీళ్లు కారేది గుడ్డలోంచి కాదు, సూది చేసిన కన్నాల్లోంచి.

ఒంటి చేతికి ఏది లొంగుతుంది?

ఈ ప్రశ్నతో కొట్టులోకి వెళ్లినప్పుడు కుర్రాడు కాసేపు తెల్లబోయాడు. అందరూ రంగు అడుగుతారట.

గొట్టాల చట్రంతో ఇల్లులా నిలువు గోడలుండే గుడారాలు లోపల హాయిగా ఉంటాయి, ఎత్తడమే యాతన. నేను మొదట కొన్నది అదే. దాన్నీ ఒకరే ఎత్తే పద్ధతి ఉందని ఆలస్యంగా తెలిసింది. ముందు పైకప్పు చట్రం నేల మీదే బిగించి, గుడ్డ కప్పి, ఒక పొడుగు వైపు కాళ్లు మాత్రం తగిలించాలి. రెండో వైపు చట్రం నేల మీదే మోకరించి ఉంటుంది. ఆవు లేచేటప్పుడు చూడండి, ముందు వెనక కాళ్లు లేపి, తర్వాత ముందు కాళ్లు లేపుతుంది. అచ్చం అలాగే. మేం నాలుగు కాళ్లూ ఒకేసారి లేపబోయాం.

వంపు కర్రలు ఒకదాన్నొకటి దాటే గుమ్మటం గుడారాలు ముగ్గురు నలుగురికైతే ముచ్చటగా ఉంటాయి. పెద్దవాటిలో ఆ కర్ర ఏడెనిమిది మీటర్లుంటుంది. ఇటు కొస గుచ్చి అటు వెళ్లి వంచేసరికి ఇటుది ఊడి వస్తుంది. మళ్లీ ఇటు, మళ్లీ అటు. పిల్లలకి మంచి కాలక్షేపం, చూసేవాళ్లకి.

విసిరేస్తే విచ్చుకునే గుడారం వద్దా అని అడిగారు చాలామంది. క్వెచువా వాళ్లు 2005లో ‘రెండు సెకన్ల’ గుడారం తెచ్చినప్పటినుంచీ ఆ ఆకర్షణ ఉంది. ఇద్దరికో ముగ్గురికో అది సుఖం. కుటుంబానికి సరిపడేంత పెద్దదైతే మడిచిన చక్రం కారులో ఇమడదు. పైగా విప్పడానికి రెండు సెకన్లు, మడవడానికి ఒక పూట.

కర్రల బదులు గాలి గొట్టాలున్నవి కొత్త పద్ధతి. నాలుగు మూలలకీ మేకులు కొట్టి, పంపు తగిలిస్తే పది పదిహేను నిమిషాల్లో అదే లేచి నిలబడుతుంది. ఒంటరిగా వేసేవాళ్లకి ఇంతకంటే సులువైంది లేదు. గొట్టంలో ఉండే ఒత్తిడి 7 పి.ఎస్.ఐ. దరిదాపుల్లోనే, కారు టైరులో 30 దాటి ఉంటుంది. ఒత్తిడి తక్కువే కానీ పట్టే గాలి బోలెడు, కాబట్టి సైకిలు పంపుతో కూర్చుంటే తెల్లారుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండకి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, కాస్త వదలాలి. ధర, బరువు రెండూ నన్ను వెనక్కి లాగాయి.

మనసు పడి వదులుకున్నది మాత్రం గంట ఆకారపు గుడారం. మధ్యలో ఒకే రాట, చుట్టూ మేకులు, అంతే. అమెరికా సైన్యంలో హెన్రీ హాప్కిన్స్ సిబ్లీ అనే అధికారి అక్కడి మైదాన జాతుల టీపీలను చూసి, ఇలాంటి ఒంటి రాట గుడారాన్ని తయారుచేసి 1856లో పేటెంటు తీసుకున్నాడు. పద్దెనిమిది అడుగుల వ్యాసం, డజను మంది సిపాయిలు. అలాంటి గుడారంలో టెంట్ హౌస్ పెద్దాయన సూత్రం తప్ప మరొకటి లేదు. గుడ్డ పరిచి, చుట్టూ మేకులు కొట్టి, రాట పట్టుకుని లోపలికి దూరి నిలబెట్టడమే. రెండో మనిషితో పనిలేదు. కానీ ఐదు మీటర్ల నూలు గుడారం 30 కిలోలకు పైమాటే. నిలబెట్టగలను, డిక్కీలోకి ఎత్తలేను. తడిస్తే ఆరబెట్టడానికి మా డాబా చాలదు.

చివరికి కొన్నది సొరంగం గుడారం. అరవంపు కమ్మీలు మూడు, ఒకదాని వెనక ఒకటి, ఎద్దుల బండి గూడులా. ఇది తనంతట తాను నిలబడదు, మేకులు లేకపోతే కుప్పకూలుతుంది. చాలామంది దీన్ని లోపమంటారు. ఒంటరిగా వేసేవాళ్లకి అదే సుగుణం. మొదటి నిమిషం నుంచీ నేలే దీన్ని పట్టుకుంటుంది.

కొనేముందు ఒక్కటి చూశాను, ఇది ఏ ప్రకటనలోనూ ఉండదు. కమ్మీ దూర్చే గొట్టపు కుట్టు ఒక చివర మూసి ఉందా? మూసి ఉంటే కమ్మీని ఒక పక్క నుంచే తోసి, ఆ పక్కనే వంచి, ఆ పక్కనే బిగించొచ్చు. రెండు చివరలూ తెరిచి ఉంటే గుడారం చుట్టూ ప్రదక్షిణలే.

సంక్రాంతి తర్వాతి ఆదివారం

రెండోసారి వెళ్లేలోపు మూడు ఆదివారాలు సాధన చేశాం. మొదటిది డాబా మీద. కాంక్రీటులో మేకు దిగదు కాబట్టి మూలకో ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, క్యానుకి ఇరవై కిలోలు. ఒక మూలకి క్యాను తక్కువైతే మా ఆయన కుర్చీ కాలికే తాడు కట్టాం. ఎనభై కిలోల మేకు, మాట్లాడే మేకు. మిగతా రెండు వారాలూ బడి మైదానంలో. కొత్త గుడారాన్ని మొట్టమొదట ఊరవతల, చీకటి పడే వేళ విప్పొద్దని అందరికీ చెబుతాను. మేకులు ఎన్నున్నాయో, ఏ కమ్మీ పొడుగో, జిప్పు ఎటు తెరుచుకుంటుందో ఇంటి దగ్గరే తెలియాలి.

కమ్మీ మేకులను తీసి పక్కన పెట్టేశాను. బజారులో ఇనుప సామాన్ల కొట్టులో ఎనిమిదంగుళాల మేకులు, తల పెద్దగా ఉండటానికి వాచర్లు కొన్నాను. ఒక సమ్మెట, కొంచెం బరువైనదే. మొరం నేలకి ఇవి చాలు. బండ తగిలితే వేరే ఉపాయముంది. తాడు ఉచ్చును చేతిలో పట్టే రాయికి తగిలించి, గుడారానికి ఆ రాయికి మధ్య, తాడు మీదే మోయలేనంత పెద్ద రాయి దొర్లించాలి. తాడు లాగినకొద్దీ చిన్న రాయి వచ్చి పెద్ద రాయికి గుద్దుకుని ఆగిపోతుంది. సూర్యలంక లాంటి చోట ఇసుకలో అయితే గుడ్డసంచి నిండా ఇసుక పోసి, మూతి తాడుతో కట్టి, మోకాలి లోతున పాతేయడమే.

అదే తోట, అదే బీడు. ఈసారి మూడింటికే చేరాం. మా అమ్మాయి పిడికెడు దుమ్ము తీసి వదిలింది. గాలి లోయ వైపు నుంచే. గుడారం వీపు అటు పెట్టి, వాకిలి ఇటు పెట్టి పరిచాం. గాలికి ఎదురుగా వాకిలి పెట్టారంటే గాలిసంచి ఊదినట్టే.

వీపు వైపు రెండు మూలలకీ మేకులు. బండ తగిలిన మూల రాళ్లు. మేకు తల గుడారానికి అవతలికి వాలి ఉండాలి, తాడు లాగే దిక్కుకి ఎదురుగా. నిట్టనిలువుగా కొట్టిన మేకు ఒక్క ఊపుకి పైకి జారి వస్తుంది. వెనక కమ్మీకి కట్టే తాళ్లు కూడా అప్పుడే, గుడ్డ ఇంకా నేల మీద పడి ఉండగానే, వదులుగా కట్టేశాను. ముందు తాడు.

కమ్మీలు ముక్కలుముక్కలుగా ఉంటాయి, లోపల రబ్బరు తాడు. వాటిని కుట్టులోకి తోయాలి గానీ అవతలి నుంచి లాగకూడదు. లాగితే రబ్బరు సాగి ముక్కలు లోపలే విడిపోతాయి, గుడ్డ చిట్లుతుంది. మా అబ్బాయికి ఏడేళ్లు. నేను ఇటు నుంచి తోస్తుంటే, వాడు ముడతలు పడ్డచోట గుడ్డని వెనక్కి సర్దుతూ వెళ్లాడు. పెద్దవాళ్ల కంటే ఈ పనికి పిల్లల చేతులే మేలు. మూడు కమ్మీలూ నేల మీదే వంచి బిగించాం. గుడారం ఇంకా చప్పగా పడుకునే ఉంది. చూసినవాళ్లు ఏమీ కాలేదనుకుంటారు, నిజానికి పని ముప్పాతిక అయిపోయింది.

అప్పుడు వెనక కమ్మీని ఒక్కదాన్నే లేపాను. తాళ్లు బిగిసి పట్టుకున్నాయి. ముందుకొచ్చి వాకిలి వైపు కమ్మీ రెండు చేతులా పట్టుకుని వెనక్కి నడిచాను. హార్మోనియం తిత్తి తెరుచుకున్నట్టు ఒక కమ్మీ, దాని వెనక ఇంకో కమ్మీ లేస్తూ వచ్చాయి. గాలి వీపున తగిలి గుడ్డని ఉబ్బించింది, కిందటిసారి ఎత్తుకెళ్లిన గాలే ఈసారి ఎత్తడానికి సాయం పట్టింది. మా అమ్మాయి ముందు మూలన మేకు పెట్టి కాలితో తొక్కిపట్టింది. నేను సమ్మెట దెబ్బ వేశాను.

బయల్దేరిన దగ్గర్నుంచీ మాట్లాడని మా ఆయన గడియారం చూసి, “ముప్పై ఎనిమిది నిమిషాలు” అన్నారు.

ఆ తర్వాత పక్క తాళ్లు. ముడి గురించి బెంగ అక్కర్లేదు, తాడుకి జరిపే బిళ్ల వస్తుంది. రాత్రి మంచుకి గుడ్డ వదులవుతుంది, పడుకునేముందు ఓసారి చుట్టూ తిరిగి బిగించాలి. పాత తెల్లచీర అంచు చింపి ప్రతి తాడుకీ ఒక పేలిక కట్టాం. చీకట్లో తాడు తట్టుకుని పడని పిల్లవాడు నాకింతవరకు కనపడలేదు. నేల మీద పరిచే పట్టా గుడారం అడుగు కంటే బెత్తెడు లోపలికి ఉండేలా మడిచాను. బయటికి పొడుచుకొస్తే వాననీళ్లు దాని మీద పడి నేరుగా మన పక్కల కిందికే వస్తాయి.

చోటు విషయంలో రెండే మాటలు. ఎండిన వాగులో వేయొద్దు, ఎండుకొమ్మలున్న చెట్టు కింద వేయొద్దు. నల్లమలలో, మరే రిజర్వు అడవిలోనైనా అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండటం కుదరదు.

తడిసిన పైకప్పు

తెల్లవారుజామున మా అత్తయ్య నుదుటి మీద చుక్క పడింది. “కారతాంది” అని లేచి కూర్చుంది. వాన లేదు, ఆకాశం నిండా చుక్కలు. అది మా ఐదుగురి ఊపిరే. రాత్రంతా వదిలిన ఆవిరి చల్లటి గుడ్డకి తగిలి నీరై దిగింది. చలని జిప్పులన్నీ మూసేసిన తప్పు నాది. పై కిటికీలు రెండూ కాస్త తెరిచాక తగ్గింది. మేఘాలు చూడటానికి వంజంగి వెళ్లేవాళ్లకీ, లంబసింగి వెళ్లేవాళ్లకీ ఇది మరీ ఎక్కువ.

చలికి ఇంకో తప్పు చేస్తారు, అది చుక్కతో పోయేది కాదు. బొగ్గుల కుంపటి గానీ గ్యాసు పొయ్యి గానీ గుడారం లోపలికి తేకూడదు. వేడి కోసమైనా, టీ కోసమైనా, ఐదు నిమిషాలకైనా. కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాళ్లని లేపదు. చలేస్తే ఇంకో దుప్పటి, కింద ఇంకో బొంత. మనిషి ఒంట్లోని వేడి పైకంటే కిందికే ఎక్కువ పోతుంది, నేల పీల్చేస్తుంది.

పొద్దున లోయ చూసొచ్చాక విప్పడం. వేసిన వరసకి తిరగవరస. గాలి వైపు మేకులు ఆఖరున తీయాలి. పూర్తిగా ఆరనిస్తే మంచిది, లేదంటే ఇంటికి రాగానే దండెం మీద వేయాలి. తడిగా సంచిలో కుక్కి వారం మరిచిపోతే నల్లటి బూజు మచ్చలు పడతాయి, ఆ వాసన ఇక వదలదు. మడిచేటప్పుడు జిప్పు కాస్త తెరిచి ఉంచి, వీపు నుంచి వాకిలి వైపు చుట్టుకుంటూ రావాలి, లోపలి గాలి బయటికి పోయేలా. మా అబ్బాయి దాని మీద పొర్లాడు, ఇది కూడా ఒక సాయమే.

అంత చేసినా అది వచ్చిన సంచిలో పట్టలేదు. మూడుసార్లు చుట్టాం. ఫ్యాక్టరీలో ఎవరు ఎలా కుక్కారో గానీ, ఒక్కసారి విప్పిన గుడారం ఆ సంచిలోకి మళ్లీ వెళ్లడం నేను చూడలేదు. చివరికి మా అత్తయ్య తన పాత దుప్పటి పరిచి, దాన్ని మూటగట్టి, నాలుగు కొసలూ కలిపి ముడేసింది. ఇప్పుడు గుడారం ఆ మూటలోనే ప్రయాణం చేస్తోంది. సంచి వంటింట్లో ఉంది, ఉల్లిపాయలకి వాడుతున్నాం.